పలుపు ఇవ్వని బేరం

ఆ కారు యజమాని నన్ను కూర్చోమనలేదు. వాకిట్లో నులకమంచం ఉంది. దాని మీద ఆయన ఉన్నాడు, పక్కన ఇంకొకరికి చోటూ ఉంది. నంద్యాలలో బస్సెక్కి, ఆళ్లగడ్డలో దిగి, అహోబిలం దారిలో ఆటో పట్టుకుని నేను వాళ్ళ పల్లె చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కారు చూడటానికి వచ్చానని చెప్పాను. గడ్డివాము వైపు గడ్డం ఎత్తి చూపించాడు. అంతే.

కారు గడ్డివాము నీడలో, ఎద్దుల పక్కన ఉంది. తెల్లది. వ్యాను మాదిరి పెట్టెలా ఉండి, వెనక సీట్లు తీసేస్తే సామాను బాగా పట్టే రకం. నాకు కావలసింది అదే.

నేను సంతల్లో దుప్పట్లు, టవళ్ళు, లుంగీలు అమ్ముతాను. వెలుగోడు, నందికొట్కూరు, ఆళ్లగడ్డ, ఎక్కడ సంత ఉంటే అక్కడ. పెళ్ళికి ముందు నుంచీ మూట భుజాన వేసుకుని బస్సుల్లోనే తిరిగాను. ఆ భుజం ఇప్పుడు చొక్కా తొడుక్కోవడానికి కూడా పైకి లేవదు. పాత బస్సులకు వెనక నిచ్చెన ఉండేది, మూట పైకెక్కించేవాళ్ళం. ఇప్పటివాటికి అది లేదు. లోపలికి తెస్తే కండక్టరుకు కోపం. ఆడవాళ్ళు నిలబడి ఉంటే నీ మూటకు సీటు కావాలా అంటాడు. ఒకసారి వెలుగోడులో మూటను కిందికి దించేసి రైట్ చెప్పాడు. మూట రోడ్డు మీద, నేను బస్సులో. అరిచి ఆపించుకుని దిగి, వెనక్కి పరిగెత్తుతూనే నిర్ణయించుకున్నాను, బండి కొనాలని.

కొనకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. మా ఆవిడ అన్నకు నంద్యాలలో బట్టల అంగడి ఉంది. సంతలు మానేసి నా అంగట్లో నిలబడు బావా, నీడపట్టున ఉంటావు అని ఆయన ప్రతి పండక్కీ అంటాడు. నిలబడు అంటాడు, కూర్చో అనడు. ఆ అంగట్లో పనిచేసేవాళ్ళకు కుర్చీ లేదు. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి అది దించేదాకా కాళ్ళ మీదే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గ్రంథాలయం తెరిచి ఉండే వేళలన్నీ ఆ అంగడి తెరిచి ఉండే వేళలే.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. నా చదువంతా నంద్యాల గ్రంథాలయంలో జరిగింది. సంత లేని రోజు అక్కడే ఉంటాను, కిటికీ పక్క కుర్చీలో. పత్రికలు చదివి లేచిపోయేవాణ్ణి కాను, బీరువాల్లోవి చదివాను. చరిత్ర, వైద్యం, వ్యవసాయం, ఊళ్ళ ఆచారాల మీద ఎవరెవరో రాసినవి, చివరికి రేడియో బాగుచేసే విధానం కూడా. డిగ్రీలున్న చాలామంది కంటే నేను ఎక్కువ చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

కాబట్టి కారు కొనడానికి మెకానిక్‌ను వెంట తీసుకుపోలేదు. మెకానిక్‌లు అమ్మేవాడి దగ్గర కూడా కమీషను తీసుకుంటారని విన్నాను. మోటారు వాహనాల మీద గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. వాడిన కారు కొనేవాడు ఏం చూడాలో, ఏం అడగాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో అంతా వాటిలో ఉంది. ఒకదాన్లో అయస్కాంతం తీసుకుపొమ్మని రాశారు. తీసుకుపోయాను.

ఆయిలు పుల్ల బయటికి లాగి రంగు చూశాను. ఇంజను ఆన్ చేసి పొగ చూశాను. టైర్ల పక్కన అంకెలు చదివాను. తర్వాత గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద పాకించుకుంటూ చుట్టూ తిరిగాను. వెనక ఎడమ చక్రం పైన అది అతుక్కోలేదు, జారి కిందపడింది. అక్కడ రేకు పోయి, లప్పం పెట్టి రంగు కొట్టారన్నమాట. ఎందుకైనా మంచిదని వంగి బండి కిందికి కూడా దూరాను.

"ఎద్దుకు పండ్లు చూస్తారని తెల్సు," అన్నాడు మంచం మీది నుంచి. "నువ్వేందప్పా, కిందికి దూరి పొదుగు చూస్తాండావు."

"ఈడ లప్పముండాది పెద్దాయనా. దేన్ని గుద్దినారు?"

"గోడను."

"ఎవురి గోడ?"

"నా గోడే. నా బండితో నా గోడ గుద్దుకుంటి. నీకేం నష్టం?"

ఎందుకు అమ్ముతున్నావని తప్పకుండా అడగాలని పుస్తకంలో ఉంది. అడిగాను. "బుద్ధి పుట్టింది" అన్నాడు.

ఆయనకు అరవై దాటి ఉంటుంది. పొలాలున్న కుటుంబమని ఇల్లు చూస్తేనే తెలుస్తుంది. ట్రాక్టరు ఉంది, అయినా ఎద్దుల జత కూడా ఉంది, కొమ్ములకు రంగు వేసి, మెడలో గంటలు కట్టి. నా మాదిరి సంత వ్యాపారులను ఆయన ఎలా చూస్తాడో ఆ మొదటి చూపులోనే చెప్పేశాడు. నేనూ దాచుకోలేదు. ఒకటి అరవై అన్నాడు. ఒకటి ఇరవై అన్నాను. లేచిపోయి ఎద్దులకు గడ్డి వేయడం మొదలుపెట్టాడు.

బేరంలో మౌనం ఎవరు ఎక్కువసేపు భరిస్తే వాళ్ళదే గెలుపని చదివాను. కానీ ఆయన మౌనం నీడలో ఉంది, నాది ఎండలో ఉంది. కాసేపు చూసి, కారు తలుపు తెరిచి లోపల కూర్చున్నాను.

"బేరం కుదరకముందే ఎక్కి కూసుంటివే."

"మంచం మీద చోటు లేదు గదా."

అప్పుడు ఆయన నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. ఆ చూపు తర్వాతే అసలు బేరం మొదలైంది. లప్పం నేను నాలుగుసార్లు ఎత్తితే, ఇంజను ఆయన ఐదుసార్లు ఎత్తాడు. నంద్యాలలో ఇంతకంటే చవకగా దొరుకుతాయన్నాను. అట్లయితే బస్సు ఛార్జీ దండగ చేసుకుని ఇంత దూరం ఎందుకొచ్చావన్నాడు. చివరికి ఒకటి నలభై దగ్గర ఆగాం. దానికి ఒక్క రూపాయి తగ్గించి అడిగినా ఎద్దులను విప్పి మీదికి తోలుతానన్నాడు. నవ్వుతూ అనలేదు. బయానాగా ఐదు వేలిచ్చాను. ఆయన అది తీసుకున్నాక, మాట మార్చినవాడికి బయానా వెనక్కి రాదని ఇద్దరం వినేలా చెప్పుకున్నాం. ఆ రోజుకు మా మధ్య ఉన్న మర్యాద అదొక్కటే.

మిగతా డబ్బు మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చాను. ఆ సంచి పట్టుకుని మళ్ళీ వెళ్ళేసరికి కారు కడిగి ఉంది. ముందు వేలాడిన నిమ్మకాయ, మిరపకాయలు లేవు. దిష్టికి కట్టిన నల్లతాడు లేదు. లోపల స్టీరింగు ముందు అంటించిన దేవుడి బొమ్మను గీకి తీసేశారు, జిగురు మరక మాత్రం మిగిలింది. పోనీ, ఎవరి దేవుడు వాళ్ళకు అనుకున్నాను. కాగితాలన్నీ చదివాను, సరిగానే ఉన్నాయి. సంతకాలయ్యాయి. ఆయన నా చేతిలో తాళంచెవి పెట్టాడు. ఒక్కటి.

"రెండోది?" అన్నాను.

"ఒకటి సాలు."

ఒకే తాళంచెవితో బండి అమ్మితే అనుమానించాలని, రెండోది ఇంకెవరి చేతిలోనైనా ఉంటే బండి మీద వాళ్ళకు ఏదో హక్కు మిగిలినట్టేనని నేను చదివాను. పోయిందేమో అని ఆయనకే దారి చూపించాను.

"పోలేదు. ఇంట్లో ఉండాది."

"తెప్పీండి మరి."

"అది ఇయ్యం."

పోయిందని అబద్ధం చెప్పినా ఇంత మండేది కాదు. ఉంది, ఇవ్వను అంటున్నాడు. సంచి చంకలో గట్టిగా బిగించాను. రేపు మా వీధిలో పెట్టిన బండి, ఎల్లుండి పొద్దునకు నడుచుకుంటూ వచ్చి ఈ గడ్డివాము కింద పడుకుంటుందేమో అన్నాను. దొంగ అనే మాట నా నోటి నుంచి రాలేదు. కానీ గోడ అవతల నిలబడి వింటున్నవాళ్ళకు కూడా అదే వినబడింది.

ఆయన మంచం మీది నుంచి లేచాడు. గొంతు పెంచలేదు. "నా వాకిట్లో నిలబడి నన్ను దొంగంటివా?"

బయానా వెనక్కి ఇవ్వమన్నాను. మాట తప్పింది నువ్వు, ఇచ్చేది లేదన్నాడు. రెండు తాళాల బండికి ఒక తాళం ఇచ్చేది మాట తప్పడం కాదా అన్నాను. నా తాతల కాలం నుంచి ఈ ఊళ్ళో మమ్మల్ని ఇట్లా అడిగినవాడు లేడన్నాడు. అందుకే ఇంతకాలం సాగిందన్నాను. ఆ మాట అన్నాక ఆయన చెయ్యి ఎద్దులను అదిలించే ములుగర్ర వైపు పోయింది. ఆ సమయంలో నా కళ్ళముందు కనబడింది ఆ కర్ర కాదు, మా బావ అంగడి షట్టరు.

ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. భర్తను కాదు, నన్నే అడిగింది.

"ఏమప్పా, అంత సదువుకున్నోని మాదిరి మాట్లాడతాండావు. ఎద్దునమ్మినోడు పలుపు ఇస్తాడా, యాడన్నా?"

అప్పుడు అర్థమైంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, ఆచారాల పుస్తకంలో చదివాను కూడా. మా వైపు పశువును అమ్మితే దాన్ని కట్టేసిన తాడు, అదే పలుపు, ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకుని, మెడకు అది కట్టుకుని తోలుకుపోవాలి. పాత పలుపు అమ్మినవాడి ఇంట్లోనే ఉండిపోతుంది. పశువు పోయినా దాని వెంట వచ్చిన లక్ష్మి గడప దాటకూడదని. ఈ ఇంట్లో కారును ఎద్దుల పక్కన, గడ్డివాము నీడలో ఊరికే కట్టలేదన్నమాట. రెండో తాళంచెవి వాళ్ళకు పలుపు.

ఇది తెలిశాక నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం. సంచిలో ఉన్నది మా ఆవిడ గాజుల డబ్బు.

"పలుపు వచ్చి ఎద్దును తోలుకుపోదమ్మా," అన్నాను. "బీగంచెవి తోలుకుపోతాది."

ఆయన కర్ర గోడకు ఆనించి, ఎద్దుల వైపు ఒకసారి చూసి, లోపలికి పోయి ఆ తాళంచెవి తెచ్చాడు. దానికి పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. దాని పండ్లు అరగదీయిస్తే నీకు భయం తీరుతుందా అని అడిగాడు. తీరుతుందన్నాను.

ఆళ్లగడ్డలో దానికి కొదవ లేదు. రోడ్డు పక్కన రాతిపని షెడ్లు వరసగా ఉంటాయి, పొద్దంతా గ్రైండర్లు అరుస్తూనే ఉంటాయి. డబ్బు ఇంకా ముట్టలేదని నా చేతిలోని తాళంచెవి తీసుకుని ఆయనే కారు నడిపాడు. నేను పక్క సీట్లో, సంచి ఒళ్ళో. దారిలో గేరు మార్చినప్పుడు శబ్దం వస్తోందని చెప్పాను. నోరు మూసుకుంటే వినపడదన్నాడు.

ఆయనకు తెలిసిన శిల్పి ఒకడు అమ్మవారి పాదాలు చెక్కుతున్నాడు. వెంట్రుకల దాకా తెల్లటి రాతిపొడి. సంగతి విని, తాళంచెవిని పటకారుతో పట్టుకుని గ్రైండరు ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి. పండ్లన్నీ పోయి, నున్నటి ఇనుప పలక మిగిలింది. రైతు దాన్ని ఊది, తువాలుతో తుడుచుకుని, ఇక చాలు కదా అన్నట్టు నా వైపు చూశాడు.

చాలదన్నాను. కళ్ళతో చూస్తే చాలదు, బండిలో పెట్టి చూడాలి.

"చూడు," అని నా మీదికి విసిరాడు.

పెట్టాను. తిప్పాను. బండి స్టార్టయింది.

షెడ్డులో గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగాయి. మొదట శిల్పి నవ్వాడు, తర్వాత అక్కడున్న అందరూ. ఆపి, మళ్ళీ తిప్పాను. మళ్ళీ స్టార్టయింది. ఈసారి నంద్యాలలోని మా ఇంటి తాళంచెవి తీసి పెట్టాను. దానికీ ఆ ఇంజను అంతే మర్యాద ఇచ్చింది. లోపల తాళం పూర్తిగా అరిగిపోయింది. ఇన్నేళ్ళూ ఆ బండిని ఎవరైనా, దేనితోనైనా తోలుకుపోయి ఉండొచ్చు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ముఖం చూస్తేనే తెలిసింది.

"ఊరంతా ఉండాది పెద్దాయనా, నీ పలుపు," అన్నాను.

ఆ మాట ఆయనకు తగిలింది. తగలాలనే అన్నాను.

దాని మీద బేరం మళ్ళీ మొదలైంది. తాళమే లేని బండి అమ్మావు, కొత్త తాళానికి ధరలో తగ్గించుకో అన్నాను. బయానా ముట్టాక ధర తగ్గిస్తే నా మాట తగ్గినట్టే, పైసా తగ్గదన్నాడు. అదీ కాక, కొన్నవాడే కొత్త పలుపు తెచ్చుకోవాలి కాబట్టి కొత్త తాళం నువ్వే వేయించుకో అన్నాడు. ఆచారాన్ని అంత బాగా వాడుకుంటాడని నేను అనుకోలేదు. మా అరుపులు భరించలేక శిల్పి గ్రైండరు మళ్ళీ ఆన్ చేశాడు. ఆ రొదలో ఇంకా గట్టిగా అరుచుకున్నాం.

అప్పుడు నాకు ఆ ఆచారాల పుస్తకంలోని ఇంకో వాక్యం గుర్తొచ్చింది. పలుపు ఒక ముక్క పోయినా లక్ష్మి పోయినట్టేనని నమ్ముతారని అందులో ఉంది. తాళంచెవి పలుపైతే, దాని తాళం ఆ పలుపులో ముక్కే. ఆయన చెవి దగ్గరకు పోయి నిదానంగా చెప్పాను.

"సరే. కొత్త బీగం నేనే కొంటా. దుడ్లు నావి కాబట్టి పాత బీగం నాదే. పోతాపోతా గుజిరీ అంగట్లో ఏస్తా, ఇనుము కింద."

నా చేతిలోని ఆ తాళంచెవిని లాక్కున్నాడు. ఒక చేతిలో అరిగిన తాళంచెవి, ఇంకో చేతిలో తువాలు. తర్వాత కారెక్కి, ఆ వీధి చివర ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి నడిపాడు. కొత్త తాళం ఎంతవుతుందని ఆయనే అడిగాడు. ఆయనే జేబులో చెయ్యి పెట్టాడు. పాత తాళం ఊడదీసేదాకా పక్కనే నిలబడి, దాన్ని, దాని రెండు తాళంచెవులనూ తువాలులో మూట కట్టి చంకలో పెట్టుకున్నాడు. నేను డబ్బిచ్చాను. ఆయన లెక్కపెట్టాడు. కొత్త తాళంచెవులు రెండూ నా చేతికి వచ్చాయి.

స్టీరింగు ముందు కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చాడు. ఏదో మంచి మాట చెప్తాడేమో అనుకున్నాను.

"గెలిచినావని పోతాండావు, పో. ఎడమకు లాగుతాది, చూసుకో."

"ఈ మాట ముందు చెప్పలేదే?"

"నువ్వు అడిగినవన్నీ చెప్పినా. గోడను నేను గుద్దలేదప్పా. అదే పోయి గుద్దింది."

అని ఊరి ఆటో ఉన్న వైపు నడిచాడు, వెనక్కి తిరగకుండా. తిట్టడానికి కిటికీలోంచి తల బయట పెట్టాను గానీ, పుస్తకాల్లో చదివిన మాటలేవీ ఆ క్షణంలో నాకు పనికిరాలేదు.

లాగింది. ఆళ్లగడ్డ దాటిన దగ్గర నుంచి నంద్యాల దాకా, రోడ్డు పక్క ప్రతి కాలువ వైపూ, ప్రతి చెట్టు వైపూ లాగుతూనే ఉంది. ఎత్తలేని భుజంతో స్టీరింగు చక్రాన్ని కుడికి పట్టుకుని, కాగితాల్లో చదివిన ఇంటి పేరు పెట్టి ఆయన్ను తరాలవారీగా తిట్టుకుంటూ ఇల్లు చేరాను. మెకానిక్‌లు ఏదేదో బిగించారు, ఏదేదో మార్చారు. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

అయినా వెలుగోడు సంతకు ఆ వారమే పోయాను. మూటలన్నీ వెనక వేసుకుని, నా సీట్లో నేను కూర్చుని. ఊళ్ళోకి తిరిగే మలుపు దగ్గర వెనక నుంచి బస్సు ఒకటే హారను కొట్టింది. అద్దంలో చూస్తే కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి తల బయటపెట్టి ఉన్నాడు, ఆ కండక్టరే. కాసేపటి దాకా దారి ఇవ్వలేదు.

ఆ ఆదివారం బావ కారు చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. ఎంతకు పడిందని అడిగి, నేను చెప్పకముందే మోసపోయి ఉంటావన్నాడు. వెనక తలుపు తెరిచి సామాను చోటు చూశాక ఆయన గొంతు మారింది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, మా ఆవిడ కాఫీ పెడుతుండగా చెప్పాడు. లారీ ఆఫీసు నుంచి అంగడికి సరుకు తేవడం కష్టంగా ఉందట. సంత లేని రోజుల్లో ఈ బండి ఊరికే ఉంటుంది కదా అన్నాడు. అవసరమైతే నన్నే తోలమంటాడట, ఏదో ఇస్తాడట.

"ఒక బీగంచెవి అంగట్లో ఇడిసిపెట్టు బావా," అన్నాడు. "మాటిమాటికి నిన్ను అడిగే పని ఉండదు."

రెండో తాళంచెవిని మా ఆవిడ దేవుడి పటం వెనక పెట్టింది. ఎందుకు అక్కడ పెట్టావని నేను అడగలేదు. ఆమె వంటింటి గుమ్మంలో గ్లాసు పట్టుకుని నా వైపే చూస్తోంది. వాళ్ళ అన్న ముందు నేను ఏమంటానో అని.

"ఎద్దునమ్మినోడే పలుపు ఇయ్యలేదు," అన్నాను. "ఎద్దు నా కాడనే ఉండాది. నేనెట్లిస్తా బావా?"

ఆయనకు అర్థం కాలేదు. "ఇది ఏ పుస్తకంలో ఉండాది?" అన్నాడు ఎగతాళిగా.

"ఆళ్లగడ్డలో," అన్నాను.

కాఫీ సగం వదిలేసి లేచిపోయాడు. మా ఆవిడ గ్లాసు తీసి కడిగింది. నందికొట్కూరు సంత రోజున పొద్దున్నే దుప్పట్లు ఎక్కించుకుని, చక్రాన్ని కొంచెం కుడికి పట్టుకుని బయల్దేరాను.